ఎస్‌ఎల్‌బీసీ సొరంగం: మిగిలిన భాగంలో పగుళ్ల రాతిని నిలబెట్టేది యంత్రమా, బ్లాస్టింగా?

కృష్ణాతీరం:
2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు నుంచి దాదాపు 14వ కిలోమీటరు వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి, నీరూ బురదా ఒక్కసారిగా ముంచెత్తడంతో ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. సుమారు 44 కిలోమీటర్ల సొరంగంలో ఇంకా 9 కిలోమీటర్లకు పైగా తవ్వాల్సి ఉండగా, ఆ భాగాన్ని టీబీఎంతో (సొరంగం తొలిచే యంత్రంతో) కాకుండా డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతిలో పూర్తిచేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇది నాకు సరైనదిగా తోచడం లేదు. అసలే పగుళ్లున్న రాతిని పేలుళ్లు ఇంకా వదులు చేస్తాయి. యంత్రమైతే రాతిని నున్నగా కోసి, వెనువెంటనే కాంక్రీటు సెగ్మెంట్లు అమరుస్తుంది.

రాతిపని:
కృష్ణాతీరం గారూ, గట్టి రాతిలో మీ మాట అక్షరాలా నిజం. అయితే లోతైన సొరంగాన్ని ప్రధానంగా మోసేది కాంక్రీటు కాదు, దాని చుట్టూ ఉన్న రాయే. రాక్ బోల్టులు (రాతిలోకి దించే ఉక్కు కడ్డీలు) విడివిడి దిమ్మెలను ఒకదానితో ఒకటి బిగించి, షాట్‌క్రీట్ (పీడనంతో చల్లే కాంక్రీటు) వాటి అంచులు రాలకుండా పట్టి ఉంచితే, ఆ రాయే కమానుగా మారి పైబరువును పక్కలకు మళ్లిస్తుంది. షియర్ జోన్‌లో (రాతి భాగాలు ఒకదానిపై ఒకటి జారిన పట్టీలో) రాయి నలిగి పిండై ఉంటుంది కాబట్టి, బోల్టు బిగించేంత వ్యవధి కూడా ఇవ్వకుండా జారిపోతుంది. దానికి తోడు పగుళ్లలో నిలిచిన నీరు, ప్రతి 100 మీటర్ల ఎత్తుకు సుమారు 10 బార్ల పీడనంతో నెడుతుంది.

అటువంటి చోట చికిత్స తవ్వకానికి ముందే జరగాలి: ముందుకు ప్రోబ్ (పరీక్ష) రంధ్రాలు వేసి చూడాలి, నీటిని బయటికి వదలాలి, మామూలు సిమెంటు దూరని సన్నని పగుళ్లలోకి మైక్రోఫైన్ సిమెంటునో పాలీయూరిథేన్‌నో ఎక్కించాలి (దీన్నే గ్రౌటింగ్ అంటారు), పైకప్పు మీదుగా గొడుగులా ఉక్కు పైపులు దింపాలి. షీల్డు యంత్రంలో (ఉక్కు కవచమున్న టీబీఎంలో) తవ్వకపు ముఖం కట్టర్ హెడ్ (రాతిని కోసే తిరిగే చక్రం) వెనుక దాగిపోతుంది. షీల్డులో వదిలిన కొద్దిపాటి సందుల గుండా వాలుగా మాత్రమే రంధ్రాలు వేయగలం. పైగా వెనుక సెగ్మెంట్ల లోపలి వ్యాసం యంత్రం కంటే చిన్నది గనుక దానిని వెనక్కి లాగడమూ కుదరదు. ఉత్తరాఖండ్‌లోని తపోవన్-విష్ణుగఢ్‌లో 2009లో టీబీఎం ఇలాగే నీటి ఉద్ధృతిలో ఇరుక్కుపోయింది. బ్లాస్టింగ్‌లో ముఖం మన ఎదుటే ఉంటుంది. అంచు రంధ్రాల్లో మందు తగ్గించి, ఒక్కో విడతకు మీటరు చొప్పున ముందుకు సాగితే పేలుడు హాని చాలావరకు అదుపులో ఉంటుంది.

నల్లమల అంచు:
రాతిపని గారి వివరణతో ఏకీభవిస్తాను, కానీ పద్ధతి మార్చినంత మాత్రాన భద్రత వచ్చిందనుకుంటే ప్రమాదమే. 2023 నవంబరు 12న కూలి 41 మందిని బంధించిన ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగం బ్లాస్టింగ్‌తో తవ్వినదే. అక్కడ కూలింది కొత్త ముఖం కాదు, అప్పటికే తవ్వి దాటిపోయిన బలహీన భాగం. హిమాచల్‌ ప్రదేశ్‌లోని రోహ్‌తాంగ్ కనుమ కింద తవ్విన సొరంగంలో, సేరీ నాలా భ్రంశ (రాయి విరిగి జారిన) ప్రాంతంలో దాదాపు 600 మీటర్లు దాటడానికి ఏళ్లు పట్టింది, అయినా ఓపికగా ముందస్తు చికిత్స చేసుకుంటూ దాటారు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పైన ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో అదనపు ప్రవేశ మార్గాలు తవ్వే వీలు లేదు. గాలి పంపడం, రాళ్లు తరలించడం, ప్రమాదంలో మనుషులు తప్పించుకోవడం అన్నీ రెండు చివరల నుంచే జరగాలి. హెలికాప్టర్ విద్యుదయస్కాంత సర్వే నీటి మండలాలను స్థూలంగా చూపగలదు, కానీ రేపటి పేలుడుకు మూడు మీటర్ల ముందున్న పగులును చూపలేదు. అది చూపేది ప్రోబ్ రంధ్రమే.

అందుకే నేను అడిగేది ఒప్పందం గురించి. తవ్విన మీటర్లకే డబ్బు చెల్లిస్తే, గ్రౌటింగ్ కోసం ఆగిన ప్రతి రోజూ గుత్తేదారుకు నష్టంగా కనిపిస్తుంది. ప్రోబ్ డ్రిల్లింగ్‌కు, గ్రౌటింగ్‌కు, పైపుల గొడుగుకు విడివిడిగా ధర కట్టి, పరిమితికి మించి నీరు వస్తే పని ఆపించే అధికారాన్ని ముఖం వద్ద ఉండే భూగర్భ శాస్త్రవేత్తకు లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఈ రెండూ కొత్త ఒప్పందంలో లేకపోతే బ్లాస్టింగ్‌ను కూడా నేను సమర్థించను.