బీఓఎస్‌లో మేం ఒప్పుకున్నది ఒకటి, మినిట్స్‌లో వచ్చింది ఇంకొకటి. ఇప్పుడేం చేయాలి?

హిందూపురం_అమ్మాయి:

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒక అటానమస్ (సిలబస్ తానే రాసుకునే) డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. చేరి ఆరేళ్లయింది కానీ పర్మనెంట్ అయ్యి ఏడాది కూడా కాలేదు, అందుకే ఏ పేరూ రాయడం లేదు, దయచేసి అడగొద్దు.

మొన్న మా బోర్డ్ ఆఫ్ స్టడీస్ (బీఓఎస్, అంటే మా సబ్జెక్టు సిలబస్ తయారుచేసే బోర్డు) మీటింగ్ జరిగింది. మాకిది కొత్త కాదు. 2021లో ఎన్ఈపీ (జాతీయ విద్యా విధానం) అని నాలుగేళ్ల డిగ్రీకి సిలబస్ అంతా తిరగరాశాం, 2024 మేలో ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి ఎస్ఈపీ (రాష్ట్ర విద్యా విధానం) పేరుతో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చేసరికి ఇంకోసారి కూర్చున్నాం. స్టాఫ్‌రూమ్‌లో ఒక బీరువా నిండా సిలబస్ కాపీలే, ఏది ఏ బ్యాచ్‌దో అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్నాం.

ఈసారి గొడవ శాంప్లింగ్ ప్రాక్టికల్ గురించి. రెండు క్రెడిట్లది. దాన్ని తీసేసి బిజినెస్ అనలిటిక్స్ అని రెండు క్రెడిట్ల థియరీ పెడదామని మా హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్, బోర్డుకి చైర్మన్ కూడా ఆయనే) అన్నారు. గంటన్నర వాదించుకున్నాం. ఆ ప్రాక్టికల్‌లో పిల్లల్ని మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌కి తీసుకెళ్తాం, ఒక చివర నుంచి కొట్లు లెక్కపెట్టుకుంటూ ప్రతి ఐదో కొట్టులో అడిగి రాసుకోమంటాం. ఐదో కొట్టు మూసి ఉంటే ఏం చేయాలి, ఆరో కొట్టుకి పోవచ్చా పోకూడదా అన్న ప్రశ్న వాళ్లకి అక్కడే పుడుతుంది, క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా పుట్టదు. యూనివర్సిటీ తరఫున వచ్చిన ఎక్స్‌పర్ట్ కూడా మా మాటే అన్నారు. చివరికి ప్రాక్టికల్ ఉంచుదాం, ఇష్టమైన పిల్లలు ఎంచుకునేలా అనలిటిక్స్‌ని ఓపెన్ ఎలక్టివ్‌గా పెడదాం అని తేలింది. మా చైర్మన్ "ఆయ్తు ఆయ్తు" (అయింది అయింది) అంటూ లేచారు, అందరం భోజనానికి వెళ్లాం.

పది రోజుల తర్వాత మినిట్స్ (మీటింగ్‌లో ఏం తేలిందో రాసే కాగితం) వచ్చాయి. ప్రాక్టికల్ స్థానంలో అనలిటిక్స్, సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు అని ఉంది. వెనక పేజీలో అందరి సంతకాలు, నాదీ ఉంది! ఆ సంతకం ఎప్పుడు పెట్టానో నాకు బాగా గుర్తుంది, పొద్దున రాగానే ఒక చేతిలో ఇడ్లీ వడ ప్లేటు ఉండగా, అటెండెన్స్ షీట్ మేడమ్, సైన్ మాడి అంటే పెట్టాను. పైన తేదీ తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు దాన్నే మినిట్స్‌కి స్టేపుల్ చేశారు.

ఈ సిలబస్‌ని ఆమోదించాల్సిన అకడమిక్ కౌన్సిల్ మీటింగ్ ఇంకా జరగలేదు. నేనేమైనా చేయగలనా, లేక సంతకం ఉంది కాబట్టి నోరు మూసుకోవాలా?

మైసూర్‌రోడ్_మాస్టారు:

అమ్మా, నేను పదకొండేళ్లు బీఓఎస్ చైర్మన్‌గా ఉండి రిటైరయ్యాను. నిజం చెప్పాలంటే నేను కూడా పొద్దున్నే సంతకాలు తీసుకున్నవాణ్ణే. బయటి నుంచి వచ్చిన వాళ్లకి ట్రాఫిక్ భయం, మూడు కాగానే లేస్తారు, టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు మీదా హాజరు మీదా ఒకేసారి సంతకం పెట్టించుకుంటే పని అయిపోతుంది. అలవాటు అలా మొదలైంది. కానీ ఆ కాగితాన్ని తీర్మానం కింద కుట్టడం వేరే సంగతి, దానికి నేను సాకు చెప్పను.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో. బీఓఎస్‌లో నిన్ను ఎవరో దయతలిచి కూర్చోబెట్టలేదు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) అటానమస్ కాలేజీల రెగ్యులేషన్స్ ప్రకారం హెచ్ఓడీ చైర్మన్, ఆ సబ్జెక్టు ఫ్యాకల్టీ మొత్తం సభ్యులు. బయటివాళ్లలో అకడమిక్ కౌన్సిల్ నియమించే ఇద్దరు ఎక్స్‌పర్టులు, వైస్ ఛాన్సలర్ పంపే ఒకరు, ఇండస్ట్రీ నుంచి ఒకరు, బాగా చదివిన పాత విద్యార్థి ఒకరు. చాలామంది జూనియర్లు ఇది తెలియక గోడకి ఆనుకుని కూర్చుంటారు.

రెండోది, బీఓఎస్ సిలబస్ తయారు చేసి పంపుతుంది, ఆమోదించేది అకడమిక్ కౌన్సిల్. కౌన్సిల్ కొన్ని మార్పులతో ఆమోదించవచ్చు. అసలు ప్రతిపాదనే నచ్చకపోతే మళ్లీ చూడమని బీఓఎస్‌కి తిప్పి పంపాలి, లేదా కారణాలు రాసి తిరస్కరించాలి. అంటే మీ మాట, కౌన్సిల్ మాట వేరువేరుగా కాగితం మీద కనిపించాలి. మీ మినిట్సే తారుమారైతే ఆ తేడా కౌన్సిల్ దాకా చేరదు, అక్కడ కూర్చున్న వాళ్లంతా అమాయకంగా చేతులెత్తుతారు. అందుకే కౌన్సిల్‌కి ముందే కదలాలి, తర్వాత కదిలితే అది ఫిర్యాదు అవుతుంది, ఇప్పుడైతే ఉత్త సవరణ.

ఈ రోజే మెయిల్ పెట్టు. మోసం, కుట్ర, ఫోర్జరీ లాంటి మాటలు ఒక్కటీ వద్దు. "ఫలానా తేదీ మీటింగ్‌లో ఫలానా అంశం మీద నాకు గుర్తున్న నిర్ణయం ఇది, మినిట్స్‌లో ఇలా వచ్చింది, సరిచేయగలరు" అని నాలుగు లైన్లు చాలు. చైర్మన్‌కి పంపి సభ్యులందరికీ కాపీ పెట్టు, ముఖ్యంగా బయటి ఎక్స్‌పర్టులకి. వాళ్లు మీ ప్రిన్సిపాల్ కింద పనిచేసేవాళ్లు కాదు, నిజం చెప్పడానికి వాళ్లకి ఖర్చేమీ లేదు. ప్రిన్సిపాల్‌కి అప్పుడే పెట్టకు, చైర్మన్‌కి సరిదిద్దుకునే దారి ఉంచు. దారి లేని మనిషి మొండికేస్తాడు.

కోరమంగళ_కోడర్:

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండోవైపు మాట్లాడతా, తిట్టుకోండి. నేను ఒక కాలేజీ బీఓఎస్‌లో మూడేళ్లు ఇండస్ట్రీ మెంబర్‌గా ఉన్నా. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సెలవు పెట్టుకుని రెండు గంటలు ట్రాఫిక్‌లో పోతే "మీ అమూల్యమైన సలహాలు సార్" అంటారు, పైథాన్ ఒక్క యూనిట్ పెట్టండి అంటే క్రెడిట్లు చాలవంటారు. మూడో ఏడు కూడా అదే వడ, అదే శాలువా, అదే సిలబస్. నాకు అర్థమైంది ఏంటంటే అక్కడ ఎవరూ పిల్లలకి ఏం కావాలని వాదించడం లేదు, ఏ పేపర్ పోతే ఎవరి గంటలు పోతాయో అని వాదిస్తున్నారు. మేడమ్, మీ కేసులో కూడా అంతేనా? మినిట్స్ మార్చడం తప్పే, కాదనను. కానీ మీ హెచ్ఓడీ అడ్డదారి తొక్కింది, రాజమార్గంలో ఏదీ మారదని విసిగిపోయి కూడా కావచ్చు.

హిందూపురం_అమ్మాయి:

కోడర్ గారూ, తిట్టను. గంటల సంగతి నిజమే, దాచను. లెక్క చెప్తా చూడండి. థియరీకి ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట, ప్రాక్టికల్‌కి ఒక క్రెడిట్ అంటే రెండు గంటలు. రెండు క్రెడిట్ల ప్రాక్టికల్ అంటే నాలుగు గంటలు, 60 మంది సెక్షన్‌ని రెండు బ్యాచ్‌లు చేస్తాం కాబట్టి టైమ్‌టేబుల్‌లో ఎనిమిది. అదే రెండు క్రెడిట్లు థియరీ అయితే 60 మందినీ ఒకే గదిలో కూర్చోబెట్టి రెండు గంటలు. పిల్లల మార్క్స్ కార్డులో ఏ తేడా ఉండదు, రెండు క్రెడిట్లు రెండు క్రెడిట్లే. మేనేజ్‌మెంట్‌కి మాత్రం ఒక్కో సెక్షన్‌కి ఆరు గంటల జీతం మిగులుతుంది. మాకు మూడు సెక్షన్లు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి యూజీసీ చెప్పింది వారానికి 16 గంటలు, అంటే ఇక్కడ పోయేది ఒక మనిషి కంటే ఎక్కువే.

కాబట్టి గంటల కోసం వాదించింది మేమొక్కళ్లమే కాదు. వాళ్లు దానికి ఇండస్ట్రీ రెడీనెస్ అని పేరు పెట్టుకున్నారు, అంతే తేడా. ఆ అనలిటిక్స్ మెటీరియల్, సర్టిఫికెట్ ఒక ట్రైనింగ్ కంపెనీ ఇస్తుందట, పిల్లల దగ్గర విడిగా ఫీజు తీసుకుంటారట. ఈ ముక్క మీటింగ్‌లో ఎవరూ ఎత్తలేదు.

కోరమంగళ_కోడర్:

ఫీజు సంగతి మొదటే చెప్పాల్సింది మేడమ్. సగం మాట వెనక్కి తీసుకుంటున్నా. సగమే.

తాంబరం_తెలుగోడు:

చెన్నై నుంచి. మాదీ అటానమస్సే. మా దగ్గర కూడా ఒకసారి ఇలాంటిదే జరిగి రెండేళ్లు డిపార్ట్‌మెంట్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ తర్వాత పద్ధతి మార్చారు. మీటింగ్ చివరి పావుగంట ప్రొజెక్టర్ మీద తీర్మానాలు ఒక్కొక్కటి టైప్ చేస్తూ చదువుతారు, అక్కడికక్కడే ప్రింట్ తీసి ప్రతి పేజీ మీదా పొట్టి సంతకం పెడతాం. హాజరు పట్టిక వేరే కాగితం. మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు బయటి ఎక్స్‌పర్టులే ప్రింట్ ఏదీ అని అడుగుతున్నారు.

ఒక మాట. మీకు అసలు సిలబస్ రాసే ఈ కుర్చీ ఉందని సంతోషించండి. నా స్నేహితుడు అన్నా యూనివర్సిటీ కింద ఉన్న ఒక మామూలు, అటానమస్ కాని ఇంజనీరింగ్ కాలేజీలో చెప్తాడు, వాడికి రెగ్యులేషన్ 2017 అనే సిలబస్ గిండీలోని యూనివర్సిటీ నుంచి దిగింది, 2021 దిగింది, 2025 కూడా దిగింది, వాడు చేసేది తలవంచి చెప్పడమే. అరియర్స్ (తప్పి మిగిలిన పేపర్లు) ఉన్న పిల్లలు పాత రెగ్యులేషన్ పేపర్ పట్టుకుని వస్తే దానికి సమానమైన పేపర్ ఏదని వెతకడం వాడి అదనపు ఉద్యోగం. 2023లో ఇక్కడ ఉన్నత విద్యా మండలి కామన్ సిలబస్ పంపినప్పుడు అటానమస్ కాలేజీల వాళ్లు ఎంత గొడవ చేశారో గుర్తుందా? మా సిలబస్ మేం రాసుకునే హక్కు పోతుందనే కదా. బయటి నుంచి వస్తే అంత గట్టిగా అరుస్తాం, లోపల మన చైర్మనే మార్చేస్తే ఎందుకులే అనుకుంటాం.

మెయిల్‌తో పాటు డిసెంట్ నోట్ (అసమ్మతి పత్రం) గురించి కూడా ఆలోచించండి. 2021లో ఢిల్లీ యూనివర్సిటీ ఇంగ్లిష్ సిలబస్ నుంచి మహాశ్వేతా దేవి కథనీ, మన తమిళ దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణి రచనల్నీ ఓవర్‌సైట్ కమిటీ తీసేసినప్పుడు అకడమిక్ కౌన్సిల్‌లో 15 మంది అసమ్మతి రాసిచ్చారు. ఆగిందా అంటే ఆగలేదు, పాసయింది. కానీ డిపార్ట్‌మెంట్‌ని అడక్కుండా చేశారన్న సంగతి దేశమంతా తెలిసింది ఆ నోట్ వల్లే. మీది అంత పెద్ద విషయం కాకపోవచ్చు, ఏకగ్రీవంగా అన్న మాట మాత్రం మీ ఒక్క కాగితంతో పోతుంది.

గెస్ట్_లెక్చరర్_కేఆర్‌పురం:

మేడమ్ లెక్క చదివాక రాయకుండా ఉండలేకపోయా. వేరే కాలేజీ, వేరే సబ్జెక్టు, కానీ మీరు చెప్పిన ఆ ఎనిమిది గంటలు చేసేది నాలాంటి వాళ్లే. ప్రాక్టికల్ చేయించేది మేం, రికార్డులు దిద్దేది మేం, బీఓఎస్‌కి మాత్రం పిలుపు రాదు. పోయిన ఏడాది నా గంటలు పోయిన సంగతి నాకు జూలైలో వాట్సాప్‌లో వచ్చిన టైమ్‌టేబుల్ చూస్తే తెలిసింది. నా పేరున్న చోట డ్యాష్ ఉంది. సిలబస్ మారిందట, ఆరు నెలల కిందట. మీరు మెయిల్ పెట్టండి మేడమ్.

మైసూర్‌రోడ్_మాస్టారు:

బాబూ, ఫ్యాకల్టీ మొత్తం అని రూల్‌లో ఉన్నా గెస్టుల్ని పిలవకపోవడం మేం అందరం చేసిన పనే. నేనూ పిలవలేదు.

అమ్మాయీ, ఇంకోటి మరిచాను. నాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) కోసం బీఓఎస్ మినిట్స్ కాలేజీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా పెడుతుంటారు, సిలబస్ మార్చామని చూపించడానికి అవే సాక్ష్యం. పాతవి తీసి చూడు. అన్నిట్లో సంతకాల పేజీ విడిగా, పైన ఖాళీగా ఉంటే అది మీ ఒక్క మీటింగ్ రోగం కాదు. అది కూడా మెయిల్‌లో రాయకు, నీ దగ్గర ఉంచుకో.

హిందూపురం_అమ్మాయి:

అప్‌డేట్. గురువారం మెయిల్ పెట్టాను, మాస్టారు చెప్పినట్టే నాలుగు లైన్లు. సెండ్ నొక్కాక ఆ రాత్రి నిద్ర లేదు, టెన్షన్‌తో ఫోన్ పది సార్లు చూశాను. శుక్రవారం పొద్దున హెచ్ఓడీ ఫోన్ చేసి "దీనికి మెయిల్ ఎందుకమ్మా, నోటితో చెప్తే సరిపోయేది కదా" అన్నారు. మధ్యాహ్నం యూనివర్సిటీ ఎక్స్‌పర్ట్ అందరికీ రిప్లై పెట్టారు, ఒక్క లైను: నాకు గుర్తున్నది కూడా అదే. దాని తర్వాత మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకో ఇద్దరికి కూడా ఉన్నట్టుండి గుర్తొచ్చింది!

నిన్న సవరించిన మినిట్స్ తెచ్చి చేతికిచ్చారు. అనలిటిక్స్ ఓపెన్ ఎలక్టివ్‌కి వెళ్లింది. ప్రాక్టికల్ ఉంది కానీ రెండు క్రెడిట్లు కాదు, ఒకటి. ఇది కూడా మీటింగ్‌లో అనుకున్నది కాదు, మధ్యేమార్గమట. రేపు సాయంత్రంలోగా సంతకం పెట్టి ఇమ్మన్నారు, కౌన్సిల్ అజెండాకి టైమ్ అవుతోందట. ఒక క్రెడిట్ అంటే రెండు గంటలు, రెండు బ్యాచ్‌లకి నాలుగు, మూడు సెక్షన్లకి పన్నెండు, నా లెక్క కరెక్టేనా? పెట్టేయనా?

మైసూర్‌రోడ్_మాస్టారు:

పన్నెండే. బ్యాచ్‌కి 30 మంది అన్న మాట అందులో రాసి ఉందా చూడు. లేకపోతే 60 మందిని ఒకే బ్యాచ్ అంటారు, పన్నెండు కాస్తా ఆరవుతుంది. అది రాయించుకుని, తగ్గించిన ఒక్క క్రెడిట్ మీద నీ అభ్యంతరం నీ చేత్తో కింద రాసి, అప్పుడు పెట్టు.