రైల్లో టార్చ్ వేస్తే ఆ వెలుగుకు రైలు వేగం ఎందుకు కలవదు?

ప్రశ్న:
గంటకు 100 కిలోమీటర్లతో పోయే రైల్లో నేను 5 కిలోమీటర్ల వేగంతో ముందుకు నడిస్తే, ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లకు నా వేగం 105. ఇంతవరకు ఓకే. నడక మానేసి టార్చ్ వేస్తే మాత్రం ఆ వెలుగుకు రైలు వేగం కలవదట! రాత్రి నుంచి కాగితాలు ఖరాబు చేస్తున్నాను. కాంతికి ఈ ప్రత్యేక మర్యాద ఏంటండీ?

జవాబు 1:
మర్యాదేం లేదండీ, మీ 105 కూడా తప్పే. నేనూ చాన్నాళ్లు టార్చ్ దగ్గరే తల బద్దలు కొట్టుకున్నాను, తీరా చూస్తే తేడా నడక దగ్గరే మొదలైంది. రెండు వేగాలనూ కూడాక ఆ మొత్తాన్ని ఇంకో సంఖ్యతో భాగించాలి. ఆ రెండు వేగాల లబ్ధాన్ని కాంతి వేగం వర్గంతో భాగించి, 1 కలిపితే వచ్చేదే ఆ సంఖ్య. మీ నడకకు వేసి చూశాను. సెకనుకు తగ్గే దూరం దాదాపు ఒక సీసం పరమాణువు కేంద్రకం వెడల్పంత! ఏ స్టాప్‌వాచీకి దొరుకుతుంది చెప్పండి.

కాంతి వేగాన్ని 1 అనుకోండి. సగం వేగంతో పోయే రాకెట్ నుంచి అంతే వేగంతో ఇంకోటి ముందుకు వదిలితే, 1ని 1.25తో భాగించాలి, అంటే 0.8. రెండోది కాంతే అయితే, రాకెట్ వేగం ఎంతైనా పైనా కిందా ఒకటే సంఖ్య వచ్చి కొట్టుకుపోతుంది. 1 మిగులుతుంది.

అడిగినవారు:
చేశాను, నిజంగానే కొట్టుకుపోయింది. కానీ ఆ జవాబు రావాలనే కట్టిన సూత్రంలా ఉంది. ఎవరైనా కొలిచారా?

జవాబు 2:
1964లో సెర్న్‌లో, అంటే జెనీవా దగ్గరున్న కణ భౌతిక పరిశోధనా కేంద్రంలో, కొలిచారు. వాళ్ల రైలు తటస్థ పయాన్ అనే, విద్యుదావేశం లేని చిన్న కణం. కాంతి వేగంలో 99.975 శాతంతో పోతూ గామా కిరణాలుగా విడిపోతుంది. అవీ ఒక రకం కాంతే, కంటికి కనబడవంతే. మీ కూడికే నిజమైతే ముందుకొచ్చే కిరణం దాదాపు రెట్టింపు వేగంతో రావాలి. ఎప్పటి కాంతి వేగంతోనే వచ్చింది.

జవాబు 1:
మీ అనుమానం సగం కరెక్టే. కాంతి వేగం అందరికీ ఒకటేనని 1905లో ఐన్‌స్టైన్ ముందే అనుకుని మొదలుపెట్టాడు. అందుకు ఆయన వదులుకున్నది అందరికీ ఒకే గడియారం అన్న నమ్మకాన్ని. మీరు ‘గంటకు 5’ అన్నప్పుడు ఆ గంటా, ఆ కిలోమీటరూ రైలువి. 100 అన్నది ప్లాట్‌ఫారం లెక్క. వేర్వేరు కొలతలను నేరుగా కూడేశారు, అంతే.

అడిగినవారు:
ఓహో, రాత్రంతా తట్టనిది ఇదన్నమాట. 0.75, 0.75 వేస్తే 0.96 వచ్చింది. కరెక్టేనా?

జవాబు 1:
కరెక్టే.