‘సీడెడ్’ అనే మాట మనకు ఇంకా ఎందుకు?

గుత్తికోట (అనంతపురం):
పెద్ద సినిమా విడుదలైతే చాలు, నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత అని వసూళ్ల లెక్కలు వస్తాయి. రాయలసీమను సీడెడ్ అని ఎందుకంటారని ఆఫీసులో అడిగితే, వేరుశనగ విత్తనాల వల్ల వచ్చిన పేరని ఒకాయన ధీమాగా చెప్పాడు. పలకడం ఒకటే గానీ విత్తనానికీ దీనికీ సంబంధం లేదు. ఒప్పందం ప్రకారమో, వేరే దారి లేకనో తన భూమిని, హక్కును ఇంకొకరికి వదిలేయడాన్ని ఇంగ్లిష్‌లో ‘సీడ్’ (cede) అంటారు. 1800లో నిజాం, తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అది ఆయన తాతల ఆస్తి కూడా కాదు. 1792, 1799లో మైసూరు యుద్ధాల తర్వాత వాటాగా వచ్చినదే చాలావరకు. బాకీ కింద జమ కట్టిన పేరును మనం ఇంకా మోయాలా? రాయలసీమ అని రాస్తే ఏం పోతుంది?

బురుజు నీడ (కర్నూలు):
అన్నా, అర్థం సరిగ్గానే చెప్పినావు. కర్నూలు ఊరికి మాత్రం అది అతకదు. 1800లో చేతులు మారింది ఇక్కడి నవాబు కట్టే కప్పమే. నవాబు 1839 దాకా ఉన్నాడు. గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేస్తున్నాడని కంపెనీ ఆయన్ని దించి ఊరిని కలిపేసుకుంది. ఇది రాసిచ్చింది కాదు, లాక్కున్నది. పత్తికొండ, ఆదోని అయితే 1800 నాటివే. చిత్తూరు వైపు చాలా భాగం ఆర్కాటు నవాబుది, అయినా సినిమా లెక్కలో తిరుపతి కూడా సీడెడే! ఇటు నిజంగా రాసిచ్చిన కంభం, మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లాలోకి పోయాయి. పేరు బాగాలేదని నేను అనడం లేదు, తప్పు అంటున్నా.

పెన్నేటి (కడప):
ఏం సామీ, డిస్ట్రిబ్యూటర్ ఏమన్నా చరిత్ర పుస్తకం రాస్తున్నాడా? అది ఏరియా పేరు, అంతే. నిజాం పాలన 1948లో పోయింది. నైజాం ఏరియా అనడం ఆగిందా? ఇంకో మాట. సీడెడ్‌లో కనీసం నిజం ఉంది, మనల్ని అడక్కుండా మన భూమిని బేరం పెట్టారని చెప్తుంది. దాని పాత తెలుగు పేరు దత్తమండలాలు అంటే ఎవరో ప్రేమగా దానమిచ్చినట్టు ఉంటుంది.

గుత్తికోట:
ఆ బేరం గుర్తుండాలంటే బడిలో చెప్పాలి, వసూళ్ల పోస్టర్ మీద కాదు. 1928లో నంద్యాల సభల్లో మన పెద్దలు దత్తమండలాలనే పేరు వద్దని రాయలసీమ అనే పేరు పెట్టుకున్నారు. ఆ పేరు సూచించింది చిలుకూరి నారాయణరావు అంటారు. ఆయనది మన ప్రాంతం కాదు, అనంతపురం కాలేజీలో పనిచేసేవాడు. బయటి నుంచి వచ్చినాయనకే అది ఇబ్బందిగా తోచింది, మనకు పట్టదా?

రీలు పెట్టె (ప్రొద్దుటూరు):
థియేటర్ పని చేసినవాణ్ని, ఒక మాట. హక్కులు కొనే కాగితంలో ఏరియా పేరుకు విలువ డబ్బుల్లో ఉంటుంది. ఏ ఊరి ఆట ఎవరికి అనేది వ్యాపారంలో ముందే ఖాయమై ఉంటుంది. మీరు రాయలసీమ అని రాస్తే, అంచులో ఉన్న ఊళ్ల దగ్గర ఇద్దరు బయ్యర్లు కొట్టుకుంటారు. ఆ టెన్షన్ ఎవరు పడతారు? మా హాల్లో కూర్చునే జనం ఎట్లాగూ సీమ అనే అంటారు.

బురుజు నీడ:
అంటే సీడెడ్ అన్నా హద్దులు రాసిపెట్టుకోవాల్సిందే కదన్నా. రాసిపెట్టుకున్నాక పైన ఏ పేరు ఉంటే ఏం?

రీలు పెట్టె:
అది హైదరాబాద్‌లో కూర్చుని అగ్రిమెంట్లు రాసేవాళ్లను అడుగు తమ్ముడూ. మేము సంతకం పెట్టేవాళ్లమే.