వాల్జూ 7733: క్రోనో నొక్కితే వాచీయే ఆగిపోతోంది

డెబ్బైల నాటి కీ వాచీ ఇది, లోపల వాల్జూ 7733 అనే స్విస్ యంత్రం. క్రోనో (స్టాప్‌వాచ్ భాగం) ఆపి ఉంచితే రోజుకు 8 సెకన్లే ముందుంటుంది. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టి టైమింగ్ మెషీన్‌లో చూస్తే ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) 265 డిగ్రీలు. క్రోనో మొదలుపెట్టే పై బటన్ నొక్కగానే 190కి పడిపోతుంది. పది పన్నెండు నిమిషాల్లో వాచీ మొత్తం ఆగుతుంది.

ఆగేది ఎప్పుడూ ఒకేచోట: క్రోనో పెద్ద సెకన్ల ముల్లు 58 దాటాక, క్రోనో నిమిషాల ముల్లు గెంతబోయే ముందు. భూతద్దంలో చూస్తే ముల్లు సన్నగా వణికి నిలబడిపోతుంది. రీసెట్ చేసి కాస్త కదిపితే మళ్లీ నడుస్తుంది.

విశాఖలోనే తెలిసిన మెకానిక్ రెండుసార్లు సర్వీస్ చేశారు. మెయిన్‌స్ప్రింగ్ కొత్తది. మా ఇల్లు బీచ్ రోడ్డు పక్కనే కాబట్టి ఉప్పుగాలికి తుప్పేమోనని బటన్లు కూడా విప్పి చూశాం, శుభ్రంగానే ఉన్నాయి. క్రోనోను వాచీకి కలిపే క్లచ్ పళ్ల లోతు సర్దే ఎక్సెంట్రిక్ స్క్రూ కొద్దిగా తిప్పితే 205 వచ్చింది కానీ ముల్లు తడబడింది. వెనక్కి తిప్పేశాం. ఈ రకం క్లచ్‌లో కొంత తగ్గడం మామూలే, 75 డిగ్రీలు మాత్రం మరీ ఎక్కువ. పార్టులు దొరకడం కష్టం, అందుకే తొందరపడి ఏదీ వంచనివ్వడం లేదు.

7733 విప్పినవాళ్లు చెప్పండి: ముందు చూడాల్సింది క్రోనో నిమిషాల చక్రాన్ని ఒక్కో పన్ను దగ్గర ఆపి పట్టే జంపర్ స్ప్రింగ్ బిగువా, ముల్లు వణక్కుండా క్రోనో సెకన్ల చక్రాన్ని కింద ఒత్తి పట్టే టెన్షన్ స్ప్రింగా?