ఇజ్రాయిల్‌ల యూదుల ధర్మశాస్త్ర కేంద్రానికి చందా పంపాలనుకుంటున్న. మనోళ్ళు పంపొచ్చా? ఎట్ల పంపాలె?

కోస్గి పోరడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది కోస్గి దగ్గర ఊరు. బ్నేయి బ్రాక్‌ల ఒక ముసలాయనకు కేర్‌గివర్‌గా అయిదేండ్ల పైన చేసిన. ‘సాబా’ అని పిలిచేటోణ్ణి, వాళ్ళ భాషల తాత అని. పోయిన చలికాలం సాబా పోయిండు. 63 నెలల గడువు అప్పటికే దాటింది, ఇంక ఉండనియ్యలే, ఇంటికొచ్చిన.

సాబా ఒక దయాన్. అంటే వాళ్ళ ధర్మశాస్త్రం ప్రకారం తీర్పు చెప్పేటాయన. ముగ్గురు దయానులు కూర్చుంటే అది బేత్ దిన్, వాళ్ళ కోర్టు. ఆయన చేతిల ఎప్పుడూ ఒక లావు పుస్తకం ఉండేది, హోషెన్ మిష్పాత్. అప్పులు, అమ్మకాలు, వాటాలు, పక్కింటి గోడల తగాదాలు అన్నీ అందులనే. 90కి దగ్గరపడ్డా మనుషులు ఫోన్‌ చేసి అడుగుతుండ్రి. ఒకసారి అన్నదమ్ములల్ల పెద్దోడు ఫోన్‌ చేసి తన గోడు మొదలుపెట్టిండు. సాబా రెండు మాటలని పెట్టేసిండు. ఏమన్నవ్ సాబా అంటే, “తమ్ముడు లేకుండ అన్న మాట వినుడు మాకు తప్పు” అన్నడు. మా ఊర్ల పెద్దమనుషులు పంచాయితీ ముందటి రాత్రే ఒక దిక్కు కల్లు తాగి వస్తరు. నాకు నవ్వొచ్చింది.

ఇంకోటి చెప్తా. బాత్రూమ్‌కు తీస్కపోతుంటే నా చెయ్యి పట్టుకొని ఒక పాత కథ చెప్పిండు. తల్మూద్ అని వాళ్ళ పాత ధర్మగ్రంథం, అందుల షెమూయెల్ అని ఒక పెద్ద న్యాయాధిపతి. నది దాటుతుంటే ఎవరో చెయ్యి అందిచ్చిండట. ఎందుకొచ్చినవ్ అని అడిగితే, నాకొక కేసుంది అన్నడట. “అయితే నీ కేసుకు నేను పనికిరాను” అన్నడట షెమూయెల్. అది చెప్పి సాబా, “నువ్వు రోజూ నా చెయ్యి పడ్తున్నవ్. నీకు తగాదా వస్తే నా దగ్గరికి మాత్రం రాకు” అన్నడు.

ఇప్పుడు సాబా కొడుకులు, శిష్యులు కలిసి ఒక కేంద్రం పెడ్తున్నరు. కింద కోలెల్, అంటే దయానులుగా తయారయ్యేటోళ్ళు జంటలు జంటలుగా కూసొని చదివే చోటు (మొదట్ల ఆ అరుపులు విని కొట్లాట అనుకున్న). పైన బేత్ దిన్ కూసునే గది. నన్ను ఎవ్వరు అడగలే. నాకే 25 వేలు పంపాలని ఉంది. మనం హిందువులం, తీసుకుంటరా? ఇక్కడి నుంచి పంపితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ చందాల చట్టం) అడ్డమొస్తదా?

నల్లగొండ వకీలు:

తమ్మీ, ఎఫ్‌సీఆర్‌ఏ బయటి పైసలు మన సంస్థలకు వచ్చేటప్పటి సంగతి. నువ్వు పంపేది ఎల్‌ఆర్‌ఎస్ కింద పోతది, ప్లాట్లది కాదు, మనోళ్ళు బయటి దేశాలకు పైసలు పంపే రిజర్వ్ బ్యాంకు పద్ధతి. ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల దాకా హద్దు, చందాలు కూడ అందులనే. పాన్ కార్డు, బయటికి పంపేటందుకు బ్యాంకుల నింపే ఏ2 ఫారం కావాలె. 80జీ కింద ఇన్‌కమ్ ట్యాక్స్ రాయితీ మాత్రం రాదు, అది ఇక్కడి సంస్థలకే.

పంపే ముందు ఒకటి చూసుకో. అక్కడ సంఘాన్ని ‘అముతా’ అంటరు, రిజిస్టర్ అయి ఉండాలె. లెక్కలు సక్కగ ఉన్నాయని సర్కారు ఇచ్చే ‘నిహుల్ తకీన్’ కాగితం ఉందా అడుగు. అడిగితే చిన్నతనమేం లేదు.

నువ్వు చెప్పినట్ల పైసల తగాదాలు చూసే బేత్ దిన్ అక్కడి చట్టం కింద మధ్యవర్తిత్వం లెక్క. ఇద్దరూ ముందే ఒప్పుకొని సంతకం పెడ్తరు. తీర్పు సివిల్ కోర్టుల ఖాయం అయితే అమలైతది. మన లోక్ అదాలత్‌ల రాజీ అయినట్ల అనుకునేరు, అది వేరు. బేత్ దిన్‌ల రాజీ కుదరకున్నా తీర్పు చెప్తరు.

దేవరకొండ బిడ్డ:

నేను హైఫాల చేస్తున్న. నా మాట కొంచెం చేదుగ ఉంటది, ఏమనుకోకు తమ్మీ. అక్కడ యూదుల పెండ్లి, విడాకులు 1953 చట్టం నుంచి రబ్బీల (వాళ్ళ మతగురువుల) సర్కారు కోర్టుల చేతిలనే ఉన్నయి. దేశంల సివిల్ పెండ్లి లేదు. విడాకుల పత్రాన్ని ‘గెత్’ అంటరు, 12 వరుసలు, అది మొగుడే పెండ్లాం చేతిల పెట్టాలె. వాడు పెట్టకపోతే ఆమె ‘అగునా’, కట్టేసిన మనిషి. నేను చూసుకునే అవ్వ బిడ్డ ఏండ్ల తరబడి తిరిగింది. 1995 చట్టంతోని అట్లాంటోడి డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ ఆపొచ్చు, జైలుకు కూడ పంపొచ్చు. కానీ ఆ ఆయుధం వాడే దయాన్ ఎదురుంగ ఉండాలె కదా? రేపు సర్కారు దయాన్లయ్యేది నీ కోలెల్‌ల చదివినోళ్ళే కావొచ్చు. ఆడోళ్ళ కష్టం గురించి ఏం నేర్పుతరో అడిగి పంపు.

కరువు పాలమూరు:

ఆ 25 వేలు మీ ఊరి బడికి బల్లలు కొనియ్యరాదు? వాళ్ళకేం తక్కువ.

రమత్‌గన్ మామ:

పాలమూరు తమ్మీ, ఊరికి పెట్టేది ఊరికి పెడ్తడు. ఇది వాని మనసుల ఉన్న ముసలాయన కోసం.

కోస్గి తమ్మీ, 25 కాదు, 18 వేలు పంపు, లేకుంటే 36. ‘హాయ్’ అంటే జీవం. వాళ్ళ అక్షరాలకు అంకెలుంటయి, ఆ మాటల హేత్‌కు 8, యోద్‌కు 10, కలిపితే 18. ఇక్కడోళ్ళు చందా అట్లనే ఇస్తరు. ఇంక హిందువులం అన్నవ్ గదా. వాళ్ళ శాస్త్రం ప్రకారం జలప్రళయంల మిగిలిన నోవహు సంతానానికంతా, అంటే నీకూ నాకూ, ఏడు ఆజ్ఞలున్నయి. అందుల ఒకటి న్యాయస్థానాలు పెట్టుకొమ్మని. కాబట్టి నువ్వు వేరే పనికేం ఇస్తలేవ్.

కోస్గి పోరడు:

అందరికి శనార్తులు. నిన్న సాబా పెద్దకొడుకుకు ఫోన్‌ చేసిన. పైసలు ఇస్తా అనంగనే ఆయన మొదటి ప్రశ్న, “నీకు గానీ నీ వాళ్ళకు గానీ మా బేత్ దిన్‌ల ఏమన్న కేసుందా?” నారాయణపేట కోర్టుల గట్టు పంచాయితీ ఒక్కటే ఉందన్న. శానసేపు నవ్వి, అది మా దాకా రాదు, పంపు అన్నడు. నిహుల్ తకీన్ కాగితం ఫొటో వెంటనే పంపిండు.

దేవరకొండ అక్కా, నీ ప్రశ్న కూడ అడిగిన. చానసేపు మాట్లాడలే. తర్వాత, ఏవెన్ హాయెజెర్ (పెండ్లి, విడాకుల శాస్త్రం) నేర్పే రబ్బీని అడిగి చెప్తా అన్నడు. ఇంకా చెప్పలే. గుర్తుపెట్టుకున్న, మళ్ళ అడుగుతా.

18 వేలు ఖాయం చేసిన. మిగిలిన ఏడు వేలు బడికి బల్లలకు, పాలమూరు అన్న ఖుషీ కావాలె. కోస్గి బ్యాంకుల ఏ2 ఫారం అంటే ఆ పిలగాడు నన్నే అడిగిండు అదేందని. సోమవారం మహబూబ్‌నగర్ పోతున్న.