పాత పద్మిని, కుర్రకాలపు రిపేర్లు, నాలుగు వందల మీటర్ల పరుగు: మీకేం జరిగింది?

గుంటూరు పద్మిని:

మిత్రులకు నమస్కారం. మా నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని పదకొండేళ్లుగా ఇంటి వెనుక రేకుల షెడ్డులో పడి ఉంది. మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి, వాడి స్నేహితులిద్దరూ ఈ వేసవి సెలవుల్లో దాన్ని మళ్లీ నడిపించాలని పూనుకున్నారు. బండి సిద్ధమైతే, ఎక్కడైనా అనుమతితో జరిగే డ్రాగ్ పోటీలో (ఆగి ఉన్న బండిని తిన్నటి బాట మీద పరుగెత్తించే పందెంలో) ఒక్కసారి పావు మైలు, అంటే 402 మీటర్లు, పరుగెత్తించి టైము చూసుకోవాలని కూడా వాళ్ల కోరిక. నిన్న బోనెట్ ఎత్తి, పానాలు పరుచుకుని కూర్చున్న ఆ ముగ్గురినీ చూస్తుంటే నాకు మా రోజులే కళ్లముందు కదిలాయి.

1991 వేసవిలో, డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న రోజుల్లో, నేనూ మా బాబాయి కొడుకూ ఇదే కారు డెల్కోలో, అంటే ప్లగ్గులకు నిప్పురవ్వను వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటరులో, పాయింట్లు అరిగిపోయాయని, వాటిని మార్చడం పెద్ద పనేమీ కాదని తీర్మానించుకుని, చేతికి అడ్డొస్తున్నాయని నాలుగు ప్లగ్గు వైర్లనూ ఒకేసారి పీకేశాం. పాయింట్లు బాగానే అమర్చాం. వైర్లను తిరిగి పెట్టేటప్పుడు మాత్రం ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా పెట్టడమే సహజమనిపించింది. ఆ ఇంజనులో సిలిండర్లు కాలే వరస 1-3-4-2 అన్న సంగతి అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. ఎయిర్ ఫిల్టరు మూతను ఊరికే పైన ఉంచాం, నట్టు బిగించలేదు. మా తమ్ముడు సెల్ఫ్ కొట్టాడు. పెద్ద శబ్దంతో ఆ మూత పైకి లేచి, పిట్టగోడకు తగిలి, అవతల పక్కింటి పెద్దమ్మగారు చాప మీద పెట్టిన గుమ్మడి వడియాల మధ్యకు దొర్లింది. ఆవిడ బయటికి వచ్చి, మసిపట్టిన మా మొహాలు చూసి, "ఏమర్రా, కారు బాగు చేస్తున్నారా, దీపావళి చేసుకుంటున్నారా?" అని అడిగారు. మూత పడిన చోట వడియాలు రెండు వరసలు నల్లబడ్డాయి. ఆ సాయంత్రం మళ్లీ పిండి రుబ్బే పని మా ఇద్దరికీ పడింది.

కారణం నాకు చాలా ఏళ్ల తరువాత అర్థమైంది. మేం పెట్టిన వరసలో, మూడో సిలిండరుకు అందవలసిన నిప్పురవ్వ రెండో సిలిండరుకు అందింది. ఆ క్షణంలో రెండో సిలిండరులో పిస్టను పైనే ఉంటుంది కాని, అది మిశ్రమం కుదింపు పూర్తయిన సమయం కాదు. కాలిన పొగ పోవడం ముగిసి, కొత్త పెట్రోలు గాలి కోసం ఇన్‌టేక్ వాల్వు అప్పుడే తెరుచుకుంటూ ఉంటుంది. తెరిచిన ఆ దారిలోంచే మంట వెనక్కి తన్ని, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరు గొంతులోంచి బయటపడింది.

ఇలాంటివి మీకూ జరిగి ఉంటాయి. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో రెండూ రాయండి. పిల్లలకు చదివి వినిపిస్తాను. గడియారం పెట్టి పరుగు తీసినవారుంటే ఆ విషయాలు మరీ కావాలి. ఊళ్లో రోడ్ల మీద జరిగే పందేల సంగతి మాత్రం ఇక్కడ వద్దు.

కావలి అంబాసిడర్:

మాది పెళ్లివారి బండి కథ. 1988లో రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, మా స్నేహితుణ్ణి పెళ్లికొడుకుగా కూర్చోబెట్టుకుని అంబాసిడర్‌లో నెల్లూరు నుంచి ఒంగోలు వైపు బయలుదేరాం. బండిని ముందు రోజే సర్వీసు చేశామన్న ధీమాతో డ్రైవరును కూడా వద్దన్నాం. దారిలో గేటు పడి పది నిమిషాలు ఆగవలసి వచ్చింది. గేటు తెరిచాక బండి కదలలేదు. మేం ప్లగ్గులు తీసి తుడిచాం, పాయింట్లు గీకాం, కార్బొరేటరు మూత విప్పి జెట్టులోకి నోటితో గాలి ఊదాం. ముహూర్తం దగ్గరపడుతోంది. చివరికి వెనుక ఆగిన లారీలోంచి ఒక పెద్ద వయసు డ్రైవరు దిగి వచ్చి, ఇంజను పక్కన ఉన్న పెట్రోలు పంపు మీద చెయ్యి పెట్టి చూసి, తడిగుడ్డ ఉందా అని అడిగాడు. మా దగ్గర ఉన్న ఒకే ఒక గుడ్డ పెళ్లికొడుకు భుజం మీది పట్టు కండువా.

దాన్ని కూజాలో నీళ్లతో తడిపి పంపుకు చుట్టి, అయిదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే బండి వెంటనే అందుకుంది. ఆ పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. నడుస్తున్నంతసేపు చల్లటి పెట్రోలు వస్తూ ఉంటుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. ఆపిన తరువాత ఇంజను వేడంతా పంపులోకి, గొట్టంలోకి పాకి, పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు కాని ఆవిరిని లాగలేదు. తడిగుడ్డతో చల్లబడగానే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. మీ పద్మినికి కూడా ఇటువంటి పంపే ఉంటుంది కనుక, మీ పిల్లలు బండిలో ఒక తువ్వాలు ఉంచుకోవడం మంచిది. పీటల మీద పెళ్లికొడుకు దగ్గర పెట్రోలు వాసన వస్తోందని పురోహితులు హోమగుండాన్ని రెండడుగులు దూరం జరిపించారు. ఆ జాగ్రత్తకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

సికింద్రాబాద్ 796:

మీ ఇద్దరి రాతలూ చదివాక నాకూ రాయాలనిపించింది. నాది మారుతి 800, మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. 1996లో ఇంజనీరింగ్ కాలేజీలో ఉండగా నలుగురం కలిసి మా అన్నయ్య బండికి ఆయిలు మార్చాం. బండి కిందికి దూరినవాడికి రెండు బోల్టులు కనిపించాయి. సులువుగా తిరిగినదాన్ని విప్పాడు. బయటికి వచ్చిన ఆయిలు నల్లగా కాక తేనె రంగులో, గంధకం కలిసిన ఘాటు వాసనతో ఉంది. "ఎంత శుభ్రంగా వాడాడో మీ అన్నయ్య" అని అందరం మెచ్చుకున్నాం. అది ఇంజను ఆయిలు కాదు, గేరు ఆయిలు. గేరుబాక్సు ఖాళీ అయింది. పాత ఆయిలు ఏమాత్రం తగ్గని ఇంజనులోకి కొత్త డబ్బా మొత్తం పోశాం.

బండి స్టార్టయింది. వీధి మలుపు తిరిగేలోపు సైలెన్సరులోంచి తెల్లగా, కాస్త నీలంగా, దట్టమైన పొగ మొదలై ఇళ్ల వాకిళ్లన్నీ కమ్మేసింది. మునిసిపాలిటీవారి దోమల పొగబండి వచ్చిందనుకుని వీధిలోని పిల్లలందరూ కేకలు వేస్తూ వెంట పరుగెత్తారు. ఒకావిడ కంగారుగా కిటికీలు మూసుకుంది, ఇంకొకావిడ మా ఇంటి ముందు కూడా ఒకసారి కొట్టమని అడిగింది. ఆయిలు మట్టం అంత పెరిగినప్పుడు తిరిగే క్రాంకు షాఫ్టు దాన్ని కవ్వంలా చిలికి నురగ చేస్తుంది. ఎక్కువైన ఆయిలు పిస్టను రింగులు దాటి, బ్రీదరు గొట్టం గుండా కూడా సిలిండర్లలోకి చేరి కాలిపోతుంది. ఇంతలో గేరుబాక్సు ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు విన్నాకే బండి ఆపాం. ఆపాం కాబట్టి గేర్లు దక్కాయి.

ఇక పరుగు సంగతి. ఆ డిసెంబరులో, మా స్నేహితుడి కుటుంబానికి శామీర్‌పేట అవతల ఉన్న కోళ్లఫారంలో, గేటు నుంచి షెడ్ల దాకా వెళ్లే సొంత బాట మీద, వాళ్ల నాన్నగారి అనుమతితో పావు మైలు కొలిచాం. సివిల్ చదివే మిత్రుడు సర్వే గొలుసు తెచ్చాడు. ఇరవై మీటర్ల గొలుసు ఇరవై సార్లు వేసి, మరో రెండు మీటర్లు టేపుతో కలిపాం. కొలతలో అరమీటరు తేడా కూడా రాకూడదని మేకులు కొట్టి మరీ పనిచేశాం. మొదట్లో ఒకడు ఈల ఊదుతాడు, డ్రైవరు క్లచ్చు వదులుతాడు, ఆ చివర నిలబడినవాడు ఈల వినగానే స్టాప్‌వాచ్ నొక్కుతాడు. ఇదీ పద్ధతి.

టైములు అద్భుతంగా వచ్చాయి. పత్రికల్లో చదివిన టైముల కంటే మా పాత బండి ప్రతిసారీ సెకను పైగా ముందుంది. మేం కార్బొరేటరు శుభ్రం చేసిన పనితనం వల్లే అది సాధ్యమైందని నమ్మి, ఆ టైమును అట్టముక్క మీద రాసి హాస్టలు గదిలో గోడకు అంటించాం. మూడు వారాలు ఆ అట్ట అక్కడే ఉంది. ఫిజిక్సు లెక్చరరుగారు ఏదో పని మీద గదికి వచ్చి, దాన్ని చదివి, టైము ఎలా తీశారని అడిగారు. చెప్పాం. ఆయన పెన్ను తీసి అదే అట్ట మీద లెక్క వేశారు: ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు వెళుతుంది, 402 మీటర్ల అవతల ఉన్నవాడికి ఈల వినపడేసరికి సెకనుకు పైగా గడిచిపోతుంది, అప్పటికే బండి బయలుదేరి ఉంటుంది. కాబట్టి ప్రతి టైముకూ సుమారు 1.17 సెకన్లు కలుపుకోవాలి. గొలుసుతో అంత నిక్కచ్చిగా దూరం కొలిచిన మాలో ఒక్కరికీ ఈల ప్రయాణం తట్టలేదు. తరువాతి ఆదివారం ఈల బదులు తెల్ల తువ్వాలు ఊపించాం. ఆ అట్ట ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఆయన చేతిరాతతో సహా.

డల్లాస్ తెలుగువాడు:

796 గారూ, మీ ఈల కథను ఇక్కడి పాత రేసర్లకు చెప్పాలి. 1951లో వాలీ పార్క్స్ డ్రాగ్ పోటీలు నడిపే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించిన కాలంలో ఇక్కడ కూడా జెండా ఊపే మనిషే ఉండేవాడు. 1963 ప్రాంతంలో క్రిస్మస్ ట్రీ అనే దీపాల స్తంభం వచ్చింది. మామూలు బండ్ల వరసలో మూడు పసుపు దీపాలు అరసెకను తేడాతో వెలుగుతాయి, ఆ తరువాత పచ్చ. ఎరుపు వెలిగితే ముందే కదిలినట్టు. గడియారం మాత్రం పచ్చ దీపంతో మొదలుకాదు. ముందు చక్రం కాంతి గీతను దాటినప్పుడే మొదలవుతుంది. అందువల్ల దీపం చూసి నిద్రపోయినవాడికి కూడా పరుగు టైము సరిగానే వస్తుంది.

నేను ఎమ్మెస్ చదివే రోజుల్లో, ఊరి బయటి స్ట్రిప్‌లో (డ్రాగ్ పోటీల బాట మీద) ఎవరి బండి వారు తెచ్చుకుని పరుగెత్తించే రాత్రి ఉందని తెలిసి, మా గదిలోని నలుగురం పాత హోండా సివిక్‌తో వెళ్లాం. బయలుదేరేటప్పుడు టైర్లు జారకుండా వెనుక బరువు ఉండాలని ఎక్కడో విన్నాం. సరుకుల దుకాణానికి వెళ్లి రెండు బియ్యం బస్తాలు కొని డిక్కీలో వేశాం. తనిఖీ చేసే ఆయన ముందు వీల్ కప్పులు తీయించాడు, తరువాత డిక్కీ తెరిపించాడు. బస్తాలను చూసి, చాలా మర్యాదగా, ఈ బండిని ఏ చక్రాలు లాగుతాయని అడిగాడు. సివిక్‌ను లాగేది ముందు చక్రాలు. బండి దూకగానే బరువు ఎలాగూ వెనక్కి వాలి ముందు చక్రాలు తేలికవుతాయి. మేం వెనుక బియ్యం వేసి వాటిని ఇంకా తేలిక చేయబోయాం. బస్తాలు దించి, ఒకతన్ని కాపలా పెట్టి లైన్లోకి వెళ్లాం.

అక్కడ మరొకటి జరిగింది. టెక్సాస్ ఎండాకాలం కనుక వరసలో ఏసీ వేసుకునే కూర్చున్నాం. స్టార్టు గీత దగ్గరికి వచ్చేసరికి ఏసీ నీరు బొట్లుబొట్లుగా సరిగ్గా చక్రాలు పట్టు దొరకవలసిన చోటే కారింది. గీత దగ్గరి మనిషి రెండు చేతులూ ఊపి మమ్మల్ని ఆపి, తువ్వాలుతో తుడిచి, నల్ల రబ్బరు మీద ఆ తడి ఎంత జారుడో నా బొటనవేలితో తాకించి మరీ చూపించాడు. మా వెనుక బండ్లన్నీ అంతసేపూ ఆగాయి. ఒక్కరు కూడా హారన్ కొట్టలేదు. ఆ మంచితనం నాకు బాగా గుర్తుంది. గుంటూరు మిత్రులారా, మీ పద్మినికి ఏసీ బాధ లేదు. పైగా దాన్ని లాగేది వెనుక చక్రాలే కాబట్టి బియ్యం బస్తా సూత్రం మీకు పనికొస్తుంది. తనిఖీలో మాత్రం ఒప్పుకోరు, లోపల కదిలే వస్తువేదీ ఉండకూడదు.

రాజమండ్రి షెడ్డు:

ముప్పయ్యేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కార్బొరేటరు విప్పినప్పుడు లోపల దుమ్ము పడకూడదని మానిఫోల్డు (కార్బొరేటరు నుంచి సిలిండర్లకు పెట్రోలు గాలి వెళ్లే గొట్టం) నోట్లో గుడ్డ కుక్కుతారు, మరిచిపోయి పైన కార్బొరేటరు బిగిస్తారు. బండి ఎంత తిప్పినా అందుకోదు. కుర్రవాళ్లు తెచ్చిన బండ్లలో ఇప్పటికి మూడు చేతిరుమాళ్లు, ఒక మేజోడు తీశాను. ఆ గుడ్డ ఎర్రటిదై, సగం బయటికి వేలాడేంత పెద్దదై ఉండాలి. మా షెడ్డులో అందుకు ఒక పాత ఎర్ర చీర ముక్క ప్రత్యేకంగా ఉంది.

గుంటూరు పద్మిని:

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి భోజనాలయ్యాక మొత్తం పిల్లలకు చదివి వినిపించాను. దోమల పొగబండి దగ్గర నవ్వి నవ్వి మా అబ్బాయికి పొలమారింది. ఈల లెక్కను వాడు కాగితం మీద మళ్లీ వేసి సరిచూసుకున్నాడు. ఈ ఉదయం ప్లగ్గు వైర్లకు నాలుగు రంగుల టేపులు చుట్టి, 1-3-4-2 అని సుద్దతో బోనెట్ లోపలి వైపు రాశారు. మా ఆవిడ ఒక ఎర్ర జాకెట్టు గుడ్డ ఇచ్చింది. సెల్ఫ్ కొట్టే ముందు ఎయిర్ ఫిల్టరు మూత నట్టును నేనే స్వయంగా బిగించాను. మూడో ప్రయత్నంలో ఇంజను అందుకుంది. పక్కింటి పెద్దమ్మగారికి ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. ఆ శబ్దం విని, కోడలి చేత వడియాల చాప లోపలికి తీయించి, గోడ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.