సముద్రంలో కలిసే కృష్ణ నీళ్లు వృథాయేనా?

కృష్ణలంక వాసి:
ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తిన ప్రతిసారీ మనందరి నోటా ఒకటే మాట, ‘ఇన్ని టీఎంసీలు సముద్రం పాలయ్యాయి’ అని. 2024 సెప్టెంబరులో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజు రిటైనింగ్ వాల్ దగ్గర నిలబడి నేనూ అదే అన్నాను. తర్వాత కృష్ణ సముద్రంలో కలిసే నాగాయలంక వైపు, ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవి చూసొచ్చాను. ఇప్పుడు ‘వృథా’ అనడానికి నోరు రావడం లేదు.

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రమే పీల్చుకుంటోంది. భూమి మీద పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా దానిలోకే చేరింది. మడ అడవి చేసే పని ఇంకా గొప్పది. రాలిన ఆకు, చచ్చిన వేరు గాలి చొరని బురదలో కూరుకుపోయి, పూర్తిగా కుళ్లకుండా వందల ఏళ్లు ఉంటాయి. ఆ కార్బనంతా అక్కడే ఆగిపోతుంది. అయితే మడ బతకడానికి ఉప్పునీరు ఒక్కటే చాలదు, నది నీరు కూడా కలవాలి. వేసవిలో బ్యారేజీ దిగువన చూడండి, ఇసుక మేటలు తప్ప ఏముంది? ఎండాకాలంలో కూడా కొంత నీటిని సముద్రానికి వాటాగా వదలాలని నా వాదన.

తెనాలి శివారు రైతు:
ఏవండీ, కాలవ మొదట్లో ఉన్నవాళ్లకి ఈ మాట తేలిక. మాది చివరి భూమి. దాళ్వా సంగతి సరే, సార్వాకే ఆఖరి తడి అందక గింజ తాలు పోయిన ఏడాది చూశాం. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు ఎత్తిపోస్తే తప్ప డెల్టాలో నాట్లు పడని రోజుల్లో కృష్ణ నీళ్లు సముద్రానికి వదలాలా? బ్యారేజీలో నిలిచేదే 3 టీఎంసీలు. అందులోంచి చెట్లకు వాటా ఇస్తే మాకు మిగిలేదేంటి?

నాగాయలంక కుర్రాడు:
అన్నా, నేను గుంటూరులో ఉద్యోగం చేస్తున్నా. మా నాన్న ఇప్పటికీ వేటకెళ్తాడు. రొయ్యపిల్ల, పీత, పండుగప్ప పెరిగేది మడ వేళ్ల మధ్యే. మడ పోతే మా వల ఖాళీ. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. సర్కారు లెక్కలోనే సుమారు 10,000 మంది పోయారు. 1999లో ఒడిశాకు సూపర్ సైక్లోన్ వచ్చినప్పుడు కేంద్రపడ జిల్లాలో మడ అడవి వెనక ఉన్న ఊళ్లలో చావులు తక్కువని తర్వాత పరిశోధకులు లెక్కతేల్చారు.

ఇక్కడ ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. మడ పోవడానికి నీళ్లు లేకపోవడం ఒక్కటే కారణం కాదు, రొయ్యల చెరువులు కూడా. గట్టు కడితే పోటునీరు లోపలికి రాదు. తెగులొచ్చి వదిలేశాక ఆ నేల చవుడుగా పడి ఉంటుంది. అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ కలిసి మా వైపు చేప ముల్లులా కాలవలు తవ్వించాయి. పోటునీరు వచ్చి పోవడం మొదలయ్యాక మడ మళ్లీ లేచింది. దానికి బ్యారేజీ గేటు ఎత్తక్కర్లేదు.

రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజినీర్:
కృష్ణలంక వాసి గారి వాదనలో ఒక లోటుంది. డెల్టాను కట్టింది నీరు కాదు, ఒండ్రు. అది శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల అడుగునే చాలావరకు దిగిపోతోంది. గేట్లెత్తినా నది సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్లేది తేరిన నీరే. ఒండ్రు పడని తీరాన్ని కెరటం కోస్తుంది, మడతో సహా. ఇంకో విషయం, మన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ఏటా కాలే బొగ్గు పొగను కృష్ణా మడ అంతా కలిసినా పీల్చలేదు. మడను కాపాడుకోవాల్సిందే, కానీ దాన్ని చూపించి బొగ్గు సంగతి పక్కన పెట్టకూడదు.

తెనాలి శివారు రైతు:
ఒకటి మాత్రం నేనూ ఒప్పుకుంటాను, సముద్రపు ఉప్పు మా నేలలోకి ఎక్కి వస్తోంది. రేపల్లె పక్కన మా బావమరిది బోరు నీళ్లు ఇప్పుడు పశువులు కూడా తాగడం లేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పనలు నీళ్లలో తేలాయి. సముద్రం వేడెక్కితే ముందు నష్టపోయేది మేమేనని నాకూ తెలుసు. కానీ శివారుకు ఆఖరి తడి ఖాయం చేశాకే మిగతా వాటాల మాట ఎత్తండి.

కృష్ణలంక వాసి:
ఒప్పుకుంటున్నాను. ఒండ్రు సంగతి నేను ఆలోచించలేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస కూడా నేను తిరగేసి చెప్పాను. ముందు శివారు తడి, దాంతో పాటే సర్కారు భూమిలో వదిలేసిన చెరువుల గట్లు తెంపడం. వేసవి నీటి మాట మాత్రం వదులుకోను. నది నీరు దిగకపోతే ఉప్పు మీ బావమరిది బోరు దగ్గరే ఆగదు కదా. తమ్ముడూ, ఆ చెరువుల్లో సర్కారు భూమివి ఏవో, కౌలువి ఏవో మీ ఊళ్లో తెలుస్తుందా?

నాగాయలంక కుర్రాడు:
చాలావరకు తెలుసన్నా. పెద్దాళ్లని అడిగి సర్వే నంబర్లు రాసి పెడతాను. మీరు, రైతు గారు కలిసి ఓ ఆదివారం రండి. పాటు తీసిన వేళ పడవలో తీసుకెళ్తా, కాలవ తవ్విన చోటు, తవ్వని చోటు పక్కపక్కనే ఉన్నాయి.